చేయి కడిగే పాట

ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను అడగొద్దు. పాటల్ని ఒకదాంట్లోంచి ఒకటి కలుపుతూ నేను ఇంట్లో చేసిన మొదటి డీజే మిక్సులో 1 గంట 52 నిమిషాల దగ్గర ఒక పిల్లాడి గొంతు వినిపిస్తుంది. "అమ్మా, కరెంటు పోయింది" అంటాడు. అది శాంపిల్ కాదు, ఎఫెక్టూ కాదు. మా అబ్బాయి. మధ్యలో రేడియోవాళ్ళలా రెండు మాటలు మాట్లాడదామని మైకు తగిలించుకున్నాను. తీరా మాట్లాడే ధైర్యం చాల్లేదు, మైకు మాత్రం ఆన్‌లోనే ఉండిపోయింది. ఫ్యాను, లైటు, వైఫై పెట్టె అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. కానీ ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది, డీజే కంట్రోలర్ ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకుంటుంది, కాబట్టి పాట ఆగలేదు. చీకట్లో రంగు బటన్లు వెలుగుతుంటే, హెడ్‌ఫోన్ల కింద చెవులు చెమటలు పడుతుంటే మిగతా గంటన్నరా కానిచ్చాను.

అది కోసేయొచ్చు కదా అంటారు. కోస్తే దాని కింద నడుస్తున్న పాట కూడా తెగుతుంది. మళ్ళీ మొదటి నుంచి చేద్దామంటే అది నాలుగోసారి అవుతుంది. మొదటిసారి 40 నిమిషాలు దాటాక అత్తగారు ఊరినుంచి ఫోన్ చేశారు, ఎత్తకపోతే మూడు రోజులు మాటలుండవు. రెండోసారి రెండు గంటలయ్యాక చూసుకుంటే రికార్డింగ్ బటనే నొక్కలేదు. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. కాబట్టి మా వాడి గొంతు ఉంటుంది. "నా వాయిస్ వాడుకున్నావు కదా, డబ్బులేవీ" అని వాడు ఇప్పటికి రెండుసార్లు అడిగాడు.

నేను పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెప్తాను. అత్తిల్లు ఒడిశా, పుట్టిల్లు పాతపట్నం, అంటే ఆంధ్రా. రాష్ట్రాలు వేరన్న మాటే గానీ ఆటోలో కూర్చుని చిల్లర వెతుక్కునేలోపు దిగాల్సిన చోటు వచ్చేస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో సగం ఒడియా సగం తెలుగు, ఇంట్లో తెలుగు, కోపం వస్తే అచ్చం శ్రీకాకుళం తెలుగు. వాడుక భాష కోసం అంత గొడవపడ్డ గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కదా ఇది, అందుకని కింద మా మావయ్య మాటలు ఆయన అన్నట్టే రాస్తాను.

"సరిహద్దు ఊరినుంచి సరిహద్దులు లేని సంగీతం" అని మొదట ఒక వాక్యం రాసుకున్నాను. మా ఆయన చదివి, బ్యాంకు ప్రకటనలా ఉందన్నారు. కొట్టేశాను.

మిక్సు మొత్తం 3 గంటల 20 నిమిషాలు. 46 ముక్కలు. సామాను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండు డెక్కుల చిన్న కంట్రోలర్, డబ్బు కట్టక్కర్లేని మిక్స్ అనే సాఫ్ట్‌వేర్, నా పాత ల్యాప్‌టాప్. వేసవి సెలవుల్లో చేశాను. వేగం నిమిషానికి 70 బీట్ల దగ్గర మొదలై 172 దాకా వెళ్తుంది. డబ్, హిప్‌హాప్, యాసిడ్, హౌస్, తప్పెటగుళ్ళు, డ్రమ్ అండ్ బేస్. ఇంత ఎందుకు పెట్టానంటే, నిజం చెప్పాలి, ఇవన్నీ నాకు తెలుసని చూపించుకోవడానికి. సీడీల కాలంలో 74 నిమిషాలకి చోటు అయిపోయేది, మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాడు. ఇప్పుడు ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

ఒక పెద్ద సైట్‌లో ఎక్కించాను. పాటల హక్కులు నావి కావు కాబట్టి పదకొండు నిమిషాల్లో తీసేశారు. తప్పు నాదే, వాళ్ళను అనడానికి ఏమీ లేదు. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌ల మీద పడ్డాను. నాణ్యంగా ఉండే 320 కేబీపీఎస్ ఫైలు 480 ఎంబీ, బాగా కుదించిన 128ది 192 ఎంబీ. ఫోన్‌లో వినేవాళ్ళకి చిన్నది చాలనుకున్నాను. చాలలేదు. 128లో 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా సాధారణంగా కోసేస్తారు, తాళాలూ గజ్జెలూ నీళ్ళలో ముంచి తీసినట్టు అవుతాయి. గజ్జెలే ప్రాణంగా ఉన్న ముక్క ఒకటి ఇందులో ఉంది. కాబట్టి వినేవాళ్ళు పెద్ద ఫైలే వినండి.

పెన్‌డ్రైవ్ ముగ్గురికి చేరింది. మా మావయ్యకి, సూరత్‌లో ఉండే మా పక్కింటి కుర్రాడికి (వాడికి సెలవుకొచ్చినప్పుడు ఇచ్చాను), పెళ్ళిళ్ళకి డీజే పెట్టే నా పాత స్టూడెంట్‌కి. ముగ్గురూ మూడు రకాలుగా చీల్చి పెట్టారు.

మావయ్యకి 71 ఏళ్ళు. పాతపట్నంలో ముప్పై ఏళ్ళకి పైగా మైక్ సెట్ నడిపాడు. ఆహుజా ఆంప్లిఫయర్, రెండు హారన్లు, రికార్డు ప్లేయర్, ఒక చెక్కపెట్టె నిండా ప్లేట్లు. చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళి అంటే పందిరి లేవకముందే ఈయన హారన్ కొబ్బరిచెట్టుకి లేచేది. ఆ సామానంతా ఇప్పుడు అటక మీద ఉంది. నేను హెడ్‌ఫోన్లు ఇస్తే, "సెవిలో పెట్టుకుని పాటేటి ఇంటామమ్మా, మందేసుకుంటాం గానీ" అని, ఒక హారన్ దింపించి, దుమ్ము దులిపి, ఫోన్‌ని ఆంప్లిఫయర్‌కి తగిలించి పెరట్లో పెట్టించాడు.

మొదటి రెండు నిమిషాలూ రైలు. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే బండి పాతపట్నం దాటుతుంటే ఫోన్‌లో రికార్డు చేసింది. 1900లో పర్లాకిమిడి రాజావారు తమ ఊరి దాకా వేయించిన లైను అది. మొదట రెండున్నర అడుగుల గేజి మీద బొమ్మ రైలులా నడిచేది, తర్వాత బ్రాడ్‌గేజి చేశారు. నాకు అదంతా మనసులో ఉంది, వినేవాళ్ళకి ఎక్కడుంటుంది? మావయ్య అరనిమిషం ఓపిక పట్టి, "రైలు ఇనాలంటే టేసనుకి ఎల్తాను గదమ్మా, నువ్వు పాటెయ్యి" అన్నాడు. నిజమే. నాలాంటి వాళ్ళు చేసే ప్రతి మిక్సూ వానతోనో రైలుతోనో గుడిగంటతోనో మొదలవుతుంది. రైలు తీసేశాను.

తర్వాత అరగంట డబ్. నాకు బాగా ఇష్టమైన భాగం, జాగ్రత్తగా చేసిన భాగం. డబ్ అంటే జమైకాలో పుట్టింది. కింగ్‌స్టన్‌లో రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసే కింగ్ టబ్బీ అనే ఆయన, పాట లోంచి గొంతు తగ్గించి డ్రమ్మూ బేసూ మాత్రం మిగిల్చి, వాటి మీద ప్రతిధ్వని చల్లి, అదే పాటని ఇంకో పాటగా చేసేవాడు. ఇదంతా మావయ్యకి చెప్పాను. సోల్డరింగ్ ఇనుము పట్టుకున్న మనిషి సంగీతం చేశాడంటే ఆయనకి గర్వంగా ఉంటుందని నా ఆశ. ఆయన విన్నాడు. పది నిమిషాలు విన్నాడు. "ఇందులో ఏటీ లేదేటి? ఎవుడో దూరంగా తలుపు కొడతన్నట్టుంది, అంతే" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. హారన్ దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాను. నిజంగానే ఏమీ లేదు. హారన్‌కి లోగొంతు ఉండదు, సుమారు 300 హెర్ట్జ్ కింద ఉన్నదేదీ దానికి పట్టదు. ఊరంతా వినపడేలా మాటనీ పాట పల్లవినీ విసరడానికి చేసిన వస్తువు అది. నేను పెట్టిన డబ్‌లో సరుకంతా 100 హెర్ట్జ్ కిందే ఉంది. హెడ్‌ఫోన్లలో గుండె మీద చెయ్యేసి నొక్కినట్టుండే ఆ బేస్, హారన్‌లోకి వచ్చేసరికి గాలి. ఆ పైన మిగిలింది అప్పుడప్పుడు ఒక గిటారు తునక, దాని ప్రతిధ్వని.

హారన్‌లో డబ్ వినడం అన్యాయమే అనుకోండి. కానీ నా మిక్సు వినే వాళ్ళలో సగం మంది ఫోన్ స్పీకర్లో వింటారు, దానికీ లోగొంతు ఉండదు. కింగ్ టబ్బీ పాటల్లో పైన కూడా ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది, తాళమో, సగం తెగిన గొంతో. నేను ఏరుకున్నవి మాత్రం అడుగు తప్ప పైకప్పు లేని పాటలు. బేస్ బాగుందని ఏరాను, ఒకే కారణానికి ఏరిన ఏడు పాటలు పక్కపక్కన పెట్టాను. ఈ మాట నాకు చెప్పడానికి ఒక తుప్పు పట్టిన హారన్ కావలసి వచ్చింది.

హిప్‌హాప్ భాగం గురించి ఎక్కువ చెప్పను. వేగం 88 నుంచి 96 దాకా, ముప్పై అయిదు నిమిషాలు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో చెల్లెలు పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ పాట వాయించాడు. జనం ఎగిరేది డ్రమ్ము ఒక్కటే మోగే చోట అని కనిపెట్టి, రెండు ప్లేట్లతో ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పేవాడు. ఆ ఉత్సాహంతో నేనూ పాత తెలుగు సినిమా పాటల మధ్య వచ్చే వాద్యాల ముక్కలు మూడు తీసి అలా తిప్పాను. రెండు బాగున్నాయి. మూడోదాంట్లో వయొలిన్లు ప్రతిసారీ ఒకే చోట కసుక్కుమని తెగుతాయి. లూప్ పాయింటు బీటు మీద పెట్టాను, కానీ వయొలిన్ వాళ్ళు బీటుకి ముందే విల్లు ఎత్తేస్తారు. ఎనిమిది సార్లు కసుక్కు. వినేటప్పుడు దాన్ని దాటించేయండి.

ఇక్కడే నా స్టూడెంట్ మెసేజ్ పెట్టాడు. "మేడం, ఇందులో డ్రాప్ ఎక్కడ?" డ్రాప్ అంటే పాట ఒక్క క్షణం ఆగినట్టయి దభేల్మని బీటు పడే చోటు. వాడు పర్లాకిమిడిలో పెళ్ళి ఊరేగింపులకి ట్రాలీ మీద బాక్సులు పేర్చి వాయిస్తాడు. పెళ్ళికొడుకు వైపు ఒడియా వాళ్ళయితే సంబల్‌పురి, పెళ్ళికూతురి వైపు తెలుగువాళ్ళయితే మన జానపదం, మధ్యలో భోజ్‌పురి అడిగే బావగారు ఒకడు ఎప్పుడూ ఉంటాడట. ఒక్క పాట కూడా 90 సెకన్లు దాటనివ్వడు. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ ఉండకూడదు కాబట్టి, వాడికి ఉన్నదే రెండు గంటలు. "మేడం, మీరు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి రెండు నిమిషాలు నడుస్తారు. అంతసేపట్లో నేను గొడవ ఆపి, పాట మార్చి, జనరేటర్‌లో డీజిల్ పోయిస్తాను" అన్నాడు. పదో తరగతిలో వాడికి లెక్కల్లో 38 మార్కులు. నేను ఏమీ అనలేదు.

అయినా వాడి మాటలో పస ఉంది. రెండు పాటలు కలిపేటప్పుడు 32 బీట్లు ఒక వాక్యం లాంటిది. 128 వేగంలో అది సరిగ్గా 15 సెకన్లు. రెండు వాక్యాలో నాలుగో చాలు, అంటే మహా అయితే నిమిషం. నేను ఎనిమిది వాక్యాల పాటు రెండు పాటల్నీ కలిపి ఉంచిన చోట్లు చాలా ఉన్నాయి. అతుకు కనపడకూడదని కాదు, ఎంత బాగా అతికానో మీరు చూడాలని.

1 గంట 10 నిమిషాల నుంచి జముకు అనే వాయిద్యం వస్తుంది. ఇది నా మిక్సులో సిగ్గుపడకుండా చూపించగలిగిన చోటు. జముకుల కథ చూసినవాళ్ళకి తెలుసు. డబ్బా లాంటిదానికి ఒక పక్క తోలు మూసి, ఆ తోలు మధ్యలోంచి నరం లాగి, దాన్ని బిగిస్తూ వదులుతూ మీటుతారు. జుంయ్ అని కింద మొదలైన శబ్దం పైకి జారుతుంది, మళ్ళీ కిందికి జారుతుంది. ఏ స్వరం మీదా నిలబడదు, స్వరాల మధ్యే దాని కాపురం.

యాసిడ్ సంగీతంలో ఉండే ఆ గీరుడు శబ్దం కూడా అంతే. అది రోలండ్ కంపెనీ 1981లో తెచ్చిన టీబీ 303 అనే చిన్న పెట్టె. ఒంటరిగా గిటారు సాధన చేసుకునేవాళ్ళకి పక్కన బేస్ వాయించిపెట్టడానికి చేశారు. గిటారు వాళ్ళకి నచ్చలేదు, మూడేళ్ళలో తయారీ ఆపేశారు. పాత సామాను ధరకి దొరుకుతుంటే షికాగో కుర్రాళ్ళు కొని, దాని మీటలు అడ్డదిడ్డంగా తిప్పితే ఈ శబ్దం బయటపడింది. అది 1980ల చివర్లో. అంతకు ముందే 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు అదే పెట్టెతో, 808 డ్రమ్ మెషీన్‌తో, పది రాగాలు డిస్కో తాళానికి వాయించి రికార్డు తెచ్చాడు. అప్పుడు పట్టించుకున్నవాళ్ళు లేరు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక లోకమంతా నోరెళ్ళబెట్టింది.

ఆ రికార్డులోంచి ఒక ముక్క, దాని మీద నేను ఒక పండగలో రికార్డు చేసిన జముకు. కొత్తగా నేను కలిపింది ఏమీ లేదు, కింద బేస్ ఒక్కటి తగ్గించాను. రెండు లోగొంతులు ఒకేసారి నడిస్తే బురద అవుతుంది, ఎప్పుడూ ఒకటే ఉండాలి. ఇక్కడ జముకునే బేస్‌గా ఉంచాను. మావయ్య హారన్‌లో కూడా ఇది నిలబడింది. ఎందుకంటే జముకు కింది నుంచి పైకి జారుతుంది కదా, ఆ జారుడు హారన్‌కి అందింది. "ఇది బాగుంది. ఆ రెండోది ఎవులు, మన పక్కోళ్ళేనా?" అన్నాడు. బొంబాయి ఆయన అన్నాను. "అయితే ఏటి" అన్నాడు.

ఆ తర్వాత హౌస్, అంటే డ్రమ్ము ఒకే లెక్కన గుద్దుతూ పోయే డాన్సు సంగీతం. వేగం 124 నుంచి 128. కరెంటు పోయింది ఇందులోనే. పాటల ఎంపిక బాగానే ఉంది, కలిపిన తీరు కూడా మిగతాదాని కంటే శుభ్రంగా ఉంది. చీకట్లో స్క్రీన్ వెలుగు తగ్గించి చేశాను కాబట్టి చెవులతో చేశాననుకుంటా. కానీ ఇక్కడ నా పరువు తీసింది సూరత్ కుర్రాడు.

గంజాం వైపు నుంచి వేలమంది వెళ్ళినట్టే వాడూ పవర్‌లూమ్‌కి వెళ్ళాడు. పన్నెండు గంటల షిఫ్టు. పడుకునేది మెస్ అనే గదిలో. పగటి షిఫ్టు వాళ్ళు లేచి వెళ్తే, రాత్రి షిఫ్టు వాళ్ళు వచ్చి అదే చాప మీద పడుకుంటారు. వాడు నన్ను భావుజా అంటాడు, ఒడియాలో వదినని అలా పిలుస్తారు. వాట్సాప్‌లో ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు. సారాంశం ఇది. డ్యూటీ నుంచి వచ్చి పడుకుని మిక్సు పెట్టుకున్నాడు. ఇయర్‌ఫోన్ ఒకటి పాడైపోయింది, అందుకని ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని స్పీకర్‌లోనే విన్నాడు. మొదటి అరగంట ఏమీ వినపడక సౌండు చివరిదాకా పెంచాడు. అలాగే నిద్రపోయాడు. గంటన్నర తర్వాత హౌస్ మొదలయ్యేసరికి ఛాతీ మీద పటాకుల బండి పేలినట్టయ్యి లేచాడు. ఆ చివర పడుకున్న నలుగురు కూడా లేచారు. వాళ్ళు తిట్టిన తిట్లలో రెండు వాడు నాకు చెప్పాడు. గంజాం తిట్లు, ఇక్కడ రాయను.

మీటరు పెట్టి సౌండు కొలిచాను. అందులో అంకె సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గోల ఎక్కువ. డబ్ భాగం సగటున మైనస్ 19, హౌస్ మైనస్ 9. పది డెసిబెల్స్ తేడా. మనిషి చెవికి అది దాదాపు రెట్టింపు గోల. ఒక్కో పాట కలిపేటప్పుడు పక్క పాటతో సమానంగానే పెట్టుకున్నాను. ప్రతి అతుకు దగ్గరా అర డెసిబెల్ అటూ ఇటూ, అంతే. కానీ ప్రతిసారీ పైకే. ఇరవై అతుకుల్లో అర అర చొప్పున పది. మా పిల్లలు వడ్డీ లెక్కల్లో ఇలాంటి తప్పు చేస్తే ఎర్రపెన్నుతో గుండ్రంగా చుట్టి పెడతాను.

ఇప్పుడు తప్పెటగుళ్ళు. 2 గంటల 20 నిమిషాల దగ్గర. గుండెల మీద తప్పెట కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, గజ్జెలు మోగిస్తూ గుండ్రంగా తిరుగుతారే, ఆ ఆట. పాతపట్నం పక్క ఊళ్ళో అమ్మవారి పండగకి వాళ్ళ మధ్యలో నిలబడి రికార్డు చేశాను, దాదాపు ఆరు నిమిషాలు. నేను పట్టిన ముక్క తిశ్రంలో ఉంది, ఒక్కో దెబ్బలో మూడు చిన్న దెబ్బలు. హౌస్ చతురశ్రం, నాలుగు. రెండూ కలవవని అందరూ అంటారు. నేను లెక్కల టీచర్ని కదా, వదల్లేదు.

128 వేగంలో ఒక్కో బీటునీ సగం చేస్తే నిమిషానికి 256 చిన్న దెబ్బలు. వాటిని రెండేసి కాకుండా మూడేసి చొప్పున గుచ్చితే నిమిషానికి 85.33 పెద్ద దెబ్బలు. అంటే 85.33 వేగంలో ఉన్న తిశ్రానికీ, 128లో ఉన్న హౌస్‌కీ లోపల నడిచే చిన్న దెబ్బ ఒక్కటే. తప్పెట మొదట్లో 82 దగ్గర ఉంది. నాలుగు శాతం పెంచితే సరిపోతుంది. ప్లేటులాగా నేరుగా వేగం పెంచితే శ్రుతి కూడా ఎక్కుతుంది, ఆరు శాతానికి దాదాపు ఒక అరస్వరం. శ్రుతి కదలకుండా పట్టి ఉంచే బటన్ ఒకటుంది, అది నొక్కాను. హౌస్ కింద నడుస్తుంటే తప్పెట పైన వచ్చింది. కలిసింది. చీకట్లో ఒక్కదాన్నే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అప్పటికి రాత్రి ఒంటిగంట.

మావయ్య ఈ భాగానికి పీట మీద నుంచి కదల్లేదు. కళ్ళు మూసుకుని విన్నాడు. నేను మెప్పు కోసం చూస్తున్నాను. అయిపోయాక, "లెక్క సరిపోనాది. నడక పోనాది" అన్నాడు.

అదేమిటి మావయ్యా అన్నాను.

"ఆళ్ళు ఉరకడానికి సూస్తన్నారమ్మా. సూడు, కాసేపటికి ఆళ్ళకి ఊపొచ్చీసింది, గజ్జెల్లో తెలిసిపోతంది. నువ్వు ఆ మెసీనుకేసి తాడు కట్టీసినావు. ఎద్దు ఎల్తానంటంటే బండి ఎల్లనీదు."

ఇంటికొచ్చి అసలు రికార్డు తీసి కొలిచాను. 82లో మొదలైనవాళ్ళు చివరికి 91కి వెళ్ళారు. వాళ్ళ ఆటే అది, నెమ్మదిగా మొదలై రేగిపోవడం. సాఫ్ట్‌వేర్‌కి అది అర్థం కాదు, పాట మొత్తానికి ఒకే వేగం అనుకుని గళ్ళు గీస్తుంది. గళ్ళు తప్పిపోతుంటే నేను ఆరు నిమిషాలూ చక్రం వేలితో వెనక్కి తోస్తూ, వాళ్ళని 85.33 మీదే కూర్చోబెట్టాను. దాన్ని నైపుణ్యం అనుకున్నాను. శ్రుతి కదలకుండా పట్టి ఉంచి అంత లాగడం వల్ల గజ్జెలు కూడా నానిపోయాయి. చేయాల్సింది తిరగేసి. తప్పెటని ముట్టుకోకూడదు, హౌస్ పాటే వాళ్ళ వెనకాల పరిగెత్తాలి. 82 దగ్గర 123, 91 వచ్చేసరికి 136 దాటాలి. మెషీన్‌కి నొప్పి ఉండదు, ఎంత లాగినా లాగించుకుంటుంది.

డ్రమ్ అండ్ బేస్ గురించి ఒక్క ముక్కే. 172 వేగం, తప్పెట నుంచి అక్కడికి దూకడానికి 86 రెట్టింపు చేశాను, లెక్క కుదిరింది కాబట్టి చేశాను, అంతకంటే కారణం లేదు. ఈ సంగీతంలో సగం పాటలకి వెన్నెముక 1969లో ఒక అమెరికన్ బ్యాండు పాటలో డ్రమ్మర్ వాయించిన ఆరేడు సెకన్ల ముక్క. ఆ డ్రమ్మర్‌కి దాని మీద పైసా రాలేదు. మా వాడు డబ్బులడిగినప్పుడల్లా అది గుర్తొస్తుంది. ఇక ఆఖరి పావుగంట నాకు నిద్ర వచ్చేసింది, అది వినేవాళ్ళకి తెలుస్తుంది.

అంతా అయ్యాక మావయ్య టీ తాగుతూ అసలు మాట చెప్పాడు. "అన్నీ బాగున్నాయమ్మా గానీ, నీ దాంట్లో సెయ్యి కడిగే పాట లేదు."

నాకు అర్థం కాలేదు.

"పెళ్ళి భోజనాల కాడ ఒక బంతి లేస్తాది, ఇంకో బంతి కూకుంటాది. ఆ మద్దెన ఏటేస్తావు? మంచి పాటేస్తే దండగ, ఎవుడూ ఇనడు. పాడు పాటేస్తే ఇసుక్కుంటారు. అందుకే ఏదో సన్నాయి ముక్కో, ఎవుడికీ అడ్డు రానిదో ఏసీవోళ్ళం. దాన్ని సెయ్యి కడిగే పాట అనీవోళ్ళం. ప్లేటు మార్సీటప్పుడయితే అర నిమిసం ఏటీ ఉండదు. ఆ అర నిమిసంలోనే పెళ్ళోరు మాటాడుకుంటారు, పలానా పాటెయ్యిరా అని ఆ సివర్నించి అరుస్తారు. నువ్వు మూడు గంటలు ఒక్కలాగే వడ్డిస్తన్నావు. ఇస్తరాకు తియ్యనీవు, నీళ్ళు ఇయ్యవు."

నా మిక్సు గ్రాఫు చూసుకున్నాను. 200 నిమిషాల్లో ఒక్క సెకను కూడా ఖాళీ లేదు. ఖాళీ వస్తే తప్పు చేశానంటారని భయం. తరగతిలో కూడా నాకు ఇదే జబ్బు. లెక్క బోర్డు మీద పెట్టి, పిల్లలు ఆలోచించేలోపే నేనే చేసేస్తాను.

ఇవన్నీ విన్నాక మార్చి చేసిన కొత్త మిక్సు రెండు గంటల పది నిమిషాలు. రైలు పోయింది, డబ్ ఏడు పాటల్లో మూడు మిగిలాయి, వయొలిన్ కసుక్కు పోయింది, సౌండు సరిచేశాను, తప్పెటగుళ్ళ వెనకాల హౌస్ పరిగెత్తుతుంది. డ్రమ్ అండ్ బేస్ మొత్తం తీసేశాను, అది వేరే రోజుకి. మా వాడి గొంతు ఆ మొదటిదాంట్లోనే ఉండిపోయింది, పారితోషికం విషయం ఇంకా తేలలేదు. జముకు అయ్యాక, హౌస్ మొదలయ్యే ముందు, ఇరవై అయిదు సెకన్లు ఏమీ పెట్టలేదు. నిజంగా ఏమీ లేదు. అది పెట్టడానికి నాకు పట్టిన టెన్షన్ ఆ తిశ్రం కలపడానికి కూడా పట్టలేదు.

పోయిన ఆదివారం పాతపట్నం తీసుకెళ్ళాను. మళ్ళీ అదే పెరడు, అదే హారన్. జముకు జుంయ్ మంటూ పైకి జారి ఆగిపోయింది. నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను. పదో సెకను దాటింది. గోడ అవతల నుంచి పక్కింటాయన గట్టిగా అడిగాడు, "ఏటయ్యా, ఆగిపోనాదేటి?"

మావయ్య తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆగలేదు. సెయ్యి కడుక్కుంటన్నారు."